రాజుగారి గుర్రం, అంజిబాబు బాకా

అంజిబాబు ఏ మనిషి పేరునూ ఉత్తినే పలకలేడు. ముందు ఏదో ఒకటి తగిలించాల్సిందే. అదీ ఊళ్లో వాడుకలో ఉన్నది కాదు, తను సొంతంగా తయారుచేసింది. ఆ తయారీ అంతా ఇంటి వరకే అయితే భార్య భవానీదేవి సర్దుకుపోయేది. కానీ అతని చేతిలో మైకు ఉంది, ఆ మైకుకు బాకా ఉంది, ఆ బాకా ఇంటి పక్కనే ఉన్న పంచాయతీ ఆఫీసు డాబా మీద ఊరందరి చెవుల్లోకీ నోరు తెరుచుకుని ఉంది.

కొత్తపేటకు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న గరువుపాలెంలో ఆ రోజుల్లో ఫోను రెండు చోట్లే ఉండేది. ఒకటి ప్రెసిడెంటు బుచ్చిరాజు గారి హాల్లో, కుట్టుపని చేసిన గుడ్డ కప్పుకుని. రెండోది అంజిబాబు ఇంటి ముందుగదిలో, ఎస్టీడీ బూతులో. ఊళ్లో ఇరవై మూడిళ్ల మగవాళ్లు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నారు. వాళ్లు బూతుకు ఫోన్ చేసి "మా ఆవిడని పిలవండి, పది నిమిషాల్లో మళ్లీ చేస్తాను" అని పెట్టేస్తారు. ఆ పది నిమిషాల్లో ఆ ఇల్లాలు చేలో ఉన్నా, పొయ్యి దగ్గరున్నా పరుగెత్తుకు రావాలి. అందుకే బాకా.

పిలవడానికి ఒట్టి పేరు చాలదు. గరువుపాలెంలో సూర్యకుమారి పేరు గలవాళ్లు ఐదుగురు, వెంకటదుర్గలు ఏడుగురు. వీరన్నల లెక్క ఎవరూ తీయలేదు. "సూర్యకుమారి గారూ, ఫోను" అంటే బూతు ముందు తీర్థానికొచ్చినట్టు జనం పోగవుతారు. అందుకని ఊరు ఎప్పుడో ఒక్కొక్కరికి ఒక్కో ఆనవాలు పెట్టుకుంది. ఈ విషయంలో ఊరి పద్ధతి ఏమిటంటే, మనిషి చేసిన వంద మంచిపనులు వదిలేసి, జారిపడ్డ ఒక్కసారిని పట్టుకుంటుంది. వీరన్న పద్దెనిమిదో ఏట సైకిలుతో సహా పొలానికి నీళ్లు పారే పంటబోదెలో పడ్డాడు. యాభై నిండినా బోదె వీరన్నే. వెంకటదుర్గ కాపరానికి వచ్చిన కొత్తలో ఒక్కసారి పులుసు మాడ్చింది. ఆవిడ మాడు వెంకటదుర్గ అయిపోయింది, తర్వాత ముప్పై ఏళ్లు ఎంత కమ్మగా వండినా ఊరు వినిపించుకోలేదు.

పెళ్లయిన ఆరేళ్లూ అంజిబాబు కూడా అందరిలాగే పిలిచాడు. తొంభై మూడులో బూతు పెట్టిన రెండో నెలలో అతనికి ఇది పట్టుకుంది. ఒక శుక్రవారం పొద్దున్నే మైకు ముందు కూర్చుని ఊరి పేర్లన్నీ మార్చేశాడు. బోదె వీరన్న చల్లకుండ వీరన్న అయ్యాడు. మాడు వెంకటదుర్గ నవ్వులగంప వెంకటదుర్గ అయింది. సూర్యకుమారి పేరు గల ఐదుగురూ వరసగా ముగ్గులు, మల్లెపందిరి, కొబ్బరినీళ్లు, పిచ్చుకగూడు, తేనెపట్టు అయ్యారు.

"ఏమైందండీ మీకు?" అంది భవానీదేవి.

"పేర్లు పాతబడిపోయేయే. బూజు దులుపుతున్నాను."

వీరన్న ఆ సాయంత్రమే బూతుకు వచ్చాడు. "చల్లకుండేంటండీ అంజిబాబు గారూ? మా ఇంట్లో మజ్జిగ కూడా ఉండదండి."

"ఉంటదండి. పేరు పెట్టేను కదండి."

మర్నాటి నుంచి ఎండన పడి పోయేవాళ్లందరూ వీరన్న గుమ్మంలో ఆగి గ్లాసు మజ్జిగ అడగడం మొదలుపెట్టారు. చల్లకుండ గడపలో చల్ల లేదనడం ఎలాగ? రెండు నెలలు పక్కింట్లో బదులు తెచ్చి పోశాడు. మూడో నెలలో గేదెను కొన్నాడు. ఆ మీదట వేసవి వస్తే వీధరుగు మీద కుండ పెట్టుకుని కూర్చుని "మా వంశంలో మొదట్నుంచీ ఇంతేనండి" అని చెప్పేవాడు.

వెంకటదుర్గది ఇంకో అవస్థ. కుళాయి దగ్గర తగువు పెట్టుకోవడానికి కొంగు బిగించగానే ఎదుటావిడ "అదేంటి వదినా, నవ్వులగంప అలా కేకలేస్తే బావుంటదా?" అనేది. ఆవిడ పళ్లు బిగించి నవ్వేది. కొన్నాళ్లకు ఆ నవ్వు అలవాటైపోయి, పళ్లు వాటంతటవే వదులయ్యాయి.

పేర్లు బాకాతో ఆగలేదు. కువైట్ కవర్ల మీద "నవ్వులగంప వెంకటదుర్గ గారికి" అని వచ్చేది. కిరాణా చీటీల మీద, శుభలేఖల మీద, పాల పుస్తకంలో అవే పేర్లు. ఇంట్లో భవానీదేవికి మాత్రం పూటకో పేరు. కూర కుదిరితే పనసతొన, కుదరకపోతే ఎండు పోకచెక్క. "ఇలా పిలిస్తే పలకను" అని ఆవిడ రోజూ చెప్పేది. చెప్పడానికైనా పలకాల్సి వచ్చేది. పైగా ఊళ్లో ఎవరికి పేరు నచ్చకపోయినా ఫిర్యాదు ఆవిడ దగ్గరకే. ఎనిమిదేళ్లలో ఆవిడ మొగుణ్ణి తిట్టని వారం లేదు.

ఊళ్లో ఒకే ఒక్క పాత పేరు గౌరవమైనది. అది గుర్రం బుచ్చిరాజు గారు. ఆయన తాతగారికి గుర్రం ఉండేది. ఆ గుర్రం యాభై రెండులోనే పోయింది గానీ, రాజుగారు మాత్రం దాని మీద నుంచి దిగలేదు. ఇంట్లో సొంత ఫోను ఉంది కాబట్టి ఆయన్ని బాకాలో పిలవాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు.

రెండు వేల ఒకటిలో వానలకు ఆ ఫోను చచ్చిపోయింది. దుబాయిలో ఉన్న కొడుకు దుర్గాశ్రీనివాస్ బూతుకు చేశాడు. రావులపాలెం నుంచి అరటిగెలల వ్యాపారులు వచ్చి రాజుగారి వరండాలో కాఫీ తాగుతున్నారు. అప్పుడు బాకా పలికింది. "గొడుగు బుచ్చిరాజు గారికి దుబాయి నుంచి ఫోనండి. గొడుగు బుచ్చిరాజు గారండి."

వ్యాపారుల్లో ఒకాయనకు కాఫీ పొలమారింది.

కోపం వచ్చేకొద్దీ రాజుగారికి మర్యాద పెరుగుతుంది. కొడుకుతో మాట్లాడి ఫోను పెట్టేసి, అంజిబాబుకు నమస్కారం కూడా పెట్టాడు.

"అంజిబాబు గారూ, మా తాతగారి గుర్రాన్ని తమరెందుకు విప్పేరండి?"

"విప్పలేదండి. గొడుగు పట్టేనండి. ఊరందరికీ తమరు నీడ కదండి."

"వాన వెలిసేక గొడుగు మూలన పెడతారండి. పైగా ఎక్కడో మర్చిపోతారు కూడానండి."

అంజిబాబు ఆలోచించాడు. "అదీ నిజమేనండి. పోనీ, పందిరి బుచ్చిరాజు గారు?"

"పెళ్లయ్యేక పీకేస్తారండి."

"దీపస్తంభం?"

"కుక్కలొస్తాయండి. ఇవన్నీ వద్దండి. సోమవారం పొద్దుటికి మా గుర్రం మాకు వచ్చేయాలండి. లేకపోతే పంచాయతీ డాబా మీద తమరి బాకా ఉండదండి. నా ఒక్కడి పేరూ ఇచ్చేస్తే చాలు, మిగతావాళ్లని ఎలా పిలుచుకున్నా నాకు అభ్యంతరం లేదండి. ఉంటానండి."

ఇంతకన్నా న్యాయమైన బేరం ఎక్కడా దొరకదని ఊరంతా అనుకుంది. బాకా దిగిపోతే ఇరవై మూడిళ్ల ఆడవాళ్లకు ఫోను వచ్చిన సంగతే తెలియదు. పిలుపు వినబడని బూతుకు ఎవరు చేస్తారు? రెండు నెలల్లో తాళం వేసుకోవాలి. ఆ సాయంత్రం భవానీదేవి అన్నం తింటున్న మొగుడి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఇచ్చేయండి ఆ గుర్రాన్ని."

"ఇవ్వను."

"చచ్చిపోయిన గుర్రం. మీకెందుకు?"

"ఒక పాత పేరు వెనక్కొస్తే మిగతావి ఊరుకోవే. తోక పట్టుకుని అన్నీ వచ్చేస్తాయి."

"వస్తే రానివ్వండి. ఎవరికి నష్టం?"

అంజిబాబు కంచం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆ పూట ఆవిడకు పనసతొనా లేదు, పోకచెక్కా లేదు. భవానీదేవికి అదే ఎక్కువ భయం వేసింది.

ఆదివారం మధ్యాహ్నం అంజిబాబు కొత్తపేట వెళ్లిన సమయం చూసుకుని సూర్యకుమారి వచ్చింది. ఐదుగురిలో కొబ్బరినీళ్ల సూర్యకుమారి. ఆమె భర్త మస్కట్‌లో తాపీ పని చేస్తాడు. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"వదినగారూ, నన్ను పాత పేరుతోనే పిలవమని అన్నగారికి చెప్పండి. నేనేమీ అనుకోనండి. నా ఒక్కదాని కోసం బాకా పోగొట్టుకోవద్దండి."

"నీ కోసమేంటమ్మా? అసలు నీ పాత పేరేంటి?"

సూర్యకుమారి ఆవిడ ముఖంలోకి చూసింది. "ఎకసెక్కం కాదుకదండీ?"

"లేదమ్మా. ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు."

సూర్యకుమారి మెట్టు మీద కూలబడింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అప్పుడు చెప్పింది. పెళ్లయిన ఏడాది ఒక శుభకార్యం ఇంట్లో ఇత్తడి బిందె పోయింది. వెతికితే ఈమె పెరట్లో దొరికింది. నాలుగో రోజున ఆ ఇంటి ముసలమ్మ గుర్తు తెచ్చుకుని "అయ్యో, నీళ్లకి నేనే ఇచ్చేనర్రా" అంది. దొంగతనం నాలుగు రోజులకే పోయింది, బిందె సూర్యకుమారి అన్న పేరు మాత్రం ఉండిపోయింది.

"బూతు పెట్టిన కొత్తలో అన్నగారు కూడా అలాగే పిలిచేరండి, తెలీక. ఊళ్లో నోటితో అంటే ఒక దారండి. బాకాలో అంటే బళ్లో కూర్చున్న మా పిల్లలకి వినబడతదండి. అందుకని మూడు శుక్రవారాలు ఫోనుకి రాలేదండి. ఇంట్లో ఏదో జరిగింది, దాస్తున్నారని మా ఆయన అన్నగారితో ఫోన్లో ఏడ్చేరంట. అప్పుడు అన్నగారే సైకిలేసుకుని మా ఇంటికొచ్చేరండి."

"వచ్చి?"

"అంతా విన్నారండి. నీ ఒక్కదాని పేరు మారిస్తే ఎందుకు మార్చేరని అడుగుతారమ్మా, మళ్లీ బిందె బయటికొస్తది, అందరివీ మార్చేస్తాను, అందులో నీది కలిసిపోద్ది అన్నారండి. కొబ్బరినీళ్లెందుకండీ అన్నాను. బొండంలోకి ఎవరి చెయ్యీ దూరదమ్మా, లోపలున్నది తేటే అన్నారండి."

భవానీదేవికి ఎనిమిదేళ్లుగా తను వేసిన కేకలన్నీ ఒక్కసారి గుర్తొచ్చి సిగ్గేసింది. వెంటనే కోపమూ వచ్చింది. ఒక్క ముక్క చెవిన వేస్తే తనూ నాలుగు పేర్లు సాయం పట్టేది కదా. "నువ్వు ఇంటికెళ్లమ్మా. ఈ సంగతి నేను చూసుకుంటాను" అంది.

సోమవారం పొద్దున్న నిచ్చెన వచ్చింది. దాంతోపాటు ఇద్దరు మనుషులు, వాళ్ల వెనక సగం ఊరు. రాజుగారు తన వరండాలో కుర్చీ వేయించుకుని చెవి ఇటు పెట్టుకుని కూర్చున్నాడు. ఎనిమిదింటికి దుర్గాశ్రీనివాస్ ఫోన్ చేసి పెట్టేశాడు. అంజిబాబు మైకు పట్టుకుని తుడుస్తూ కూర్చున్నాడు. గుర్రం అనడానికి మనసు ఒప్పడం లేదు, ఇంకొకటి అంటే బాకా దిగిపోతుంది. భవానీదేవి వంటింట్లోంచి తడిచేతులతో వచ్చి మైకు లాక్కుంది.

"పంచకల్యాణి బుచ్చిరాజు గారికి దుబాయి నుంచి ఫోనండి. పంచకల్యాణి బుచ్చిరాజు గారండి."

నిచ్చెన ఎక్కుతున్న మనిషి మధ్యలోనే ఆగిపోయాడు. రాజుగారి తాతగారిది నిజానికి ధాన్యం బస్తాలు మోసే తట్టుగుర్రమని పెద్దవాళ్లు చాటుగా అనుకుంటారు. అది ఇప్పుడు ఒక్క ఊపులో కథల్లో రాకుమారులెక్కే పంచకల్యాణి అయి కూర్చుంది. రాజుగారు రెండోసారి కూడా పూర్తిగా విన్నాడు. లోపలికెళ్లి ఇస్త్రీ పంచె కట్టుకుని, ఉత్తరీయం వేసుకుని, పది నిమిషాలూ పూర్తిగా వాడుకుని బూతుకు వచ్చాడు. కొడుకుతో మాట్లాడాక నిచ్చెన మీదున్న మనిషికేసి చూశాడు.

"ఎక్కేరు కదండి, ఆ బాకా మీద కాకిరెట్టలున్నాయి. తుడిచి దిగండి."

మధ్యాహ్నం భోజనం దగ్గర అంజిబాబు పెళ్లాన్ని కొత్తగా చూశాడు.

"ఈ విద్య నీకెప్పుడు పట్టుబడిందే?"

"నిన్న సూర్యకుమారి వచ్చి వెళ్లింది."

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఏమంది?"

"ఏదో పాత పేరు చెప్పింది. వింటుండగానే మర్చిపోయేను" అంది భవానీదేవి.

అంజిబాబు కంచం ముందుకు జరిపాడు. పనసపొట్టు కూర మరో రెండు గరిటెలు వేయించుకున్నాడు.