తేలు మేలుకునే నిమిషం

చీకటి గదిలోని తేలుకు మేత వేసే వేళను ప్రయోగశాల అటెండరు రోజూ పొద్దున్నే చీటీ తీసి తేల్చుకుంటాడు. ఒకే వేళకు వెళితే, పద్దెనిమిది రోజులుగా వెలుగు చూడని ఆ జీవి మనిషి అడుగుల చప్పుడును బట్టి సాయంత్రాన్ని పసిగడుతుందని అతని భయం. చెప్పులు గుమ్మం బయటే విడుస్తాడు, లోపల దగ్గు కూడా ఆపుకుంటాడు. నిన్న తేలు కదలికలను గీసే యంత్రం చెడిపోయింది. అది మేలుకునే నిమిషం తెలియకపోతే, దాని నరాల్లో ఊరే రసాయనాన్ని ఎప్పుడు కొలవాలో తెలియదు. పరిశోధకురాలి శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. అతను పెట్టెకు చెవి ఆనించి కూర్చున్నాడు. మొదటి గీరుడు వినగానే ముళ్లు మెరిసే చేతిగడియారం చూసి రాసుకున్నాడు: ఆరూ పన్నెండు.

"బాబాయ్, నా ఏడుపు చూడలేక ఏదో ఒకటి రాసెయ్యలేదు కదా?" అందామె పొద్దున.

"నాకంత తెలివే ఉంటే ఇక్కడ బొద్దింకలు పట్టుకుంటూ ఎందుకుంటానమ్మా?"

ఆమె పాత కాగితాలు తిరగేసింది. మొన్న ఆరూ నాలుగు. అటుమొన్న అయిదూ యాభై ఆరు. రోజుకు సరిగ్గా ఎనిమిది నిమిషాల ఆలస్యం. ఆమె ఆరూ పన్నెండు కింద గీత గీసింది.

"గడియారం మింగి పుట్టిందమ్మా ఇది," అన్నాడతను గొంతు తగ్గించి.

ఈ సాయంత్రం ఇద్దరూ తేలు కంటికి ఆనని మసక ఎర్రదీపం కింద, సూది సిద్ధం చేసుకుని నిలబడ్డారు. ఆరూ ఇరవైకి తేలు తోక ఎత్తింది.