వీధి చివరిదాకా ఒకే ఊపిరి

నా చిన్నప్పుడు నాకు దగ్గు రావాలని దేవుడికి మొక్కుకున్నాను. నవ్వకండి, నిజంగానే మొక్కుకున్నాను. మామూలు దగ్గు కాదు, మా మేనత్త దగ్గినట్టు నడుము వంగిపోయేలా దగ్గే దగ్గు.

అప్పుడు మేము పట్నంలో, కాటన్‌పేటలో ఒక సందులో ఉండేవాళ్ళం. రెండు గదులు, వీధివైపు చిన్న అరుగు. మా అవ్వ, మా పెద్దమ్మ, మా అమ్మ, ముగ్గురూ ఇంట్లోనే ఊదుబత్తీలు చుట్టేవాళ్ళు. బొగ్గుపొడిలో జిగురుపొడి కలిపి, నీళ్ళు పోసి ముద్ద చేసి, ఆ ముద్దను పీట మీద పుల్లకు పట్టించి రుద్దాలి. ముద్ద చేసే ముందు పొడిని జల్లించాలి. జల్లించేటప్పుడు గదిలో మనిషికి మనిషి కనిపించేది కాదు. పని అయ్యాక ముక్కు చీదినా నలుపే, ఉమ్మినా నలుపే.

సాయంత్రం చేతులు కడుక్కున్నాక మా అవ్వ రేకు డబ్బా తీసి తలా ఒక బెల్లం ముక్క పెట్టేది. బెల్లం తింటే గొంతులో పట్టిన పొడి కడుపులోకి జారిపోతుందని మా ఇళ్ళలో గట్టి నమ్మకం. పెద్దవాళ్ళకు నిమ్మకాయంత ముక్క. నేను పుల్లలు అందించేదాన్ని కనుక నాకు చింతగింజంత. అయినా అవ్వ చేతి బెల్లం, అవ్వ పక్కన చోటు, ఈ రెండూ నావే అన్న ధీమాతో బతికేదాన్ని.

అలాంటప్పుడు మా మేనత్త వచ్చింది. మా నాన్న చెల్లెలు, మా అవ్వ కూతురే, ఈ సందులోనే పెరిగింది. చింతామణి పక్కన ఒక పల్లెకు ఇచ్చారు. వాళ్ళది పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసే ఇల్లు. కిటికీ లేని కొట్టంలో పచ్చికట్టెల పొయ్యి పొద్దుటినుంచి మండుతూనే ఉండాలి, దాని ముందు ఆమె కూర్చునే ఉండాలి. మొగుడు బస్సులో తీసుకొచ్చి మా ఇంట్లో దింపి వెళ్ళాడు. సందు మొదటినుంచి మా అరుగు దాకా రావడానికి ఆమె నాలుగు చోట్ల ఆగింది. డాక్టరు చూసి ఊపిరితిత్తులు పాడయ్యాయన్నాడు. పొగకు దూరంగా, గాలి తగిలే చోట కూర్చోబెట్టమన్నాడు.

ఇక మా ఇంట్లో రాజ్యం ఆమెదే. ఉన్న ఒక్క చేతుల కుర్చీ అరుగు మీదికి ఆమె కోసం వెళ్ళింది. పొద్దున ఆమెకు బేకరీ బన్ను. సాయంత్రం అందరికంటే పెద్ద బెల్లం గడ్డ. అవ్వ ఆమె తల దువ్వేది, వీపు రాసేది. ఆమెకు పడుకుంటే ఊపిరాడదు, గోడకు ఆనుకొని కూర్చునే నిద్రపోవాలి. అందుకని అవ్వ పక్కన నా చోటు ఆమెకు పోయింది, నేను గుమ్మం వైపుకు జరిగాను. నాకు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. కడుపు మండిపోయింది. ఆమె ఊళ్ళో ఆమెకు ఇల్లు లేదా, మా అవ్వే కావాలా అనుకున్నాను.

ఆమె దగ్గును చెవులు రిక్కించి నేర్చుకున్నాను. మొదట రెండు పొట్టి దగ్గులు, తరువాత ఒక పొడుగు దగ్గు, చివర సన్నగా ఈల. ఒకరోజు అందరూ బెల్లం తింటూ ఉండగా అంతా వరసగా దగ్గి చూపించాను.

మా అమ్మ కళ్ళెర్రజేసింది. "ఏమే, ఇంతవరకూ కోతి మాదిరి ఎగురుతాంటివి, ఇప్పుడేమొచ్చినాది?"

"దానికొచ్చిండేది బన్ను రోగం లేమ్మే," అంది మా పెద్దమ్మ.

అవ్వ మాత్రం నవ్వలేదు, వాళ్ళ నోళ్ళు మూయించింది. "సుమ్నుండండే మీరు. బిడ్డకు దగ్గుండాది. రేపట్నుంచి దాని అత్తకు ఏమేమి జరుగుతాదో దీనికీ అన్నీ జరగాల." నా గడ్డం పట్టుకొని చెప్పింది. "అత్త చేసేది నువ్వు చేయల్ల. అత్త చేయంది నువ్వు చేయగూడదు. ఒప్పుకుంటావా?"

ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. ఆ గంతు చూసి అందరూ నవ్వారు.

తెల్లారగానే కుర్చీ పక్కన నాకు పీట పడింది. ఇద్దరికీ చెరొక బన్ను. నేను నోరు పట్టినంత కొరకబోతే, గడపలోంచి అవ్వ కేక. "అత్తను చూడు!" అత్త చిటికెడు తుంచింది, నోట్లో వేసుకుంది, కళ్ళు మూసుకొని ఊపిరి తీసుకుంది, మళ్ళీ చిటికెడు. నమలడమూ ఊపిరీ రెండూ ఒకేసారి ఆమెకు కుదిరేవి కావు. ఎండ అరుగు మీదికి ఎక్కేదాకా ఆ బన్ను తిన్నాం. సగం కాగానే ఆమె అలసిపోయి పక్కన పెట్టేసింది. నాదీ పెట్టించేసింది అవ్వ. అంతకుముందు ఎన్ని రోజులు ఆ సగం బన్నులు ఇంట్లోకి తిరిగి వచ్చాయో, అవన్నీ తిన్నది నేనేనని, అప్పుడు గుర్తొచ్చింది.

ఎదురింటాయన గొడుగు గాలికి తిరగబడి నెత్తిన టోపీలా కూర్చుంటే వీధంతా నవ్వింది. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వితే దగ్గు తెర వస్తుంది, వస్తే పూట పడుతుంది తగ్గడానికి. నేనూ అరచేత్తో నోరు మూసుకున్నాను. కడుపులో నవ్వు తిరుగుతూ ఉంటే బయటికి పోనివ్వకుండా కూర్చోవడం ఎంత కష్టమో, నేను ఏడ్చినంత పని చేశాను.

మధ్యాహ్నం పిల్లలు చెడుగుడు మొదలెట్టారు. మా సందులో నా అంత ఊపిరి ఎవరికీ లేదు. మా అరుగు దగ్గర కూత మొదలుపెడితే నూనె అంగడి దాటి సందు చివర కొళాయి దాకా తెగకుండా పోయేదాన్ని. "రావే, నువ్వు లేకుంటే మా జట్టు ఓడిపోతాది!" అని వాళ్ళు పిలుస్తున్నారు. నేను పీటకు అతుక్కొని కూర్చున్నాను. నా కాళ్ళు మాత్రం కూర్చోలేదు.

అత్త నా కాళ్ళ వైపు చూసింది. ఆమె మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చేవి.

"నన్ను జూసి నీకు కడుపుమంట... నాకు తెలుసులే." ఆగింది. "నిన్ను జూసి నాకెంతుండాదో... నీకు తెలీదు."

పెద్దవాళ్ళకు పిల్లల మీద కుళ్ళు ఉంటుందని అంతవరకు ఎవరూ చెప్పలేదు.

"ఈ సందులో... కొళాయి దాకా... ఒగే గుక్కన నేనూ పోతాంటి. పోయి రా పో. నువ్వు పోతే... నా బెల్లం నీకు."

లేచాను. గుండెల నిండా గాలి పీల్చి "చెడుగుడు చెడుగుడు" అంటూ బయలుదేరాను. రెండిళ్ళు దాటి, ఆమె చూస్తోందా లేదా అని వెనక్కి తిరిగాను. ఆమె పెదాలు కదులుతున్నాయి. నా కూతకు సరిగ్గా కుర్చీ చేతి మీద అరచేత్తో తాళం వేస్తోంది. నాతో పాటే పరుగెత్తుతోంది. ఇంకో ఇల్లు దాటేలోపు ఆ చేయి ఆగిపోయింది. కుర్చీని గట్టిగా పట్టుకుంది. నోరు తెరుచుకునే ఉంది.

నేను నూనె అంగడి దగ్గర నిలబడిపోయాను. నా ఊపిరి ఇంకా చాలా మిగిలే ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియలేదు. ఆమె చేయి ఎత్తి, పో పో అని విసిరింది. పోయి కొళాయి ముట్టుకున్నాను.

సాయంత్రం అవ్వ అడిగింది, "దగ్గు తగ్గినాదా?" అని. తగ్గిందన్నాను. అత్త తన బెల్లం గడ్డ నా చేతిలో పెట్టింది. తిన్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, అంత గడ్డ చేతికొస్తే వదులుతానా. తిన్నాక గుమ్మం వైపుకు నేనే జరిగి పడుకున్నాను, ఎవరూ జరపకుండానే.

పట్టుగూళ్ళ పని ముమ్మరం కాగానే మొగుడు వచ్చి ఆమెను తీసుకెళ్ళాడు. ఆ పొయ్యి ముందుకే. ఆ తరువాత ఎక్కువ కాలం బతకలేదు. పల్లెల్లో పొగ ఎక్కువ, పాపం, అని మా ఇంట్లో ఆడవాళ్ళు చాలా రోజులు చెప్పుకున్నారు. చెప్పుకుంటూనే బొగ్గుపొడి జల్లించారు. ఆమె అరుగు మీద కూర్చుని గాలి కోసం ఎదురుచూసినన్నాళ్ళూ, ఆమె వెనుక తలుపు తెరిచే ఉంది, లోపలినుంచి మా పొడి వస్తూనే ఉంది. మాకు బెల్లం ఉంది కదా అనుకున్నాం.

పెళ్ళయ్యాక నేనూ అదే పని చేశాను. పొడి బస్తాలు మోసిన మా ఆయన దగ్గి దగ్గి ముందు వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీ పక్కన కూతురింట్లో, మూడో అంతస్తులో ఉన్నాను. ఇక్కడి డాక్టరు నన్ను బీడీలు తాగేదానివా అని అడిగాడు. లేదయ్యా, దేవుడి ముందు వెలిగించేవి చేశాను అన్నాను. పొద్దునా సాయంత్రం పీల్చే మందు ఇచ్చాడు.

నాకు అక్షరాలు సరిగా రావు. చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నేను ఊపిరి కోసం ఆగిన చోటల్లా చుక్క పెడుతోంది. నా కుళ్ళు గురించి కూడా రాయమన్నాను. కింద గిన్నెలు తోముతూ పాడే పిల్లను చూస్తే నాకు కుళ్ళు. ఈల వేసే వాచ్‌మన్‌ను చూస్తే కుళ్ళు. అందరికంటే ఎక్కువ, ఇది రాస్తున్న దీన్ని చూస్తేనే. కాలేజీ నుంచి వచ్చి, మూడంతస్తులూ ఫోనులో మాట తెగకుండా ఎక్కేస్తుంది.

తలుపు దగ్గర కూర్చుని ఆ మాటలు వింటూ నేనూ లోలోపల దానితో పాటు మెట్లెక్కుతాను. మొదటి మలుపులోనే ఆగిపోతాను. అది ఆగదు, నవ్వుతూ పైకి వచ్చేస్తుంది. నా కడుపు మండుతుంది. రేకు డబ్బా మూత తీసి, నిమ్మకాయంత బెల్లం దాని చేతిలో పెడతాను.