నేలలో రెండు కన్నాలున్న ఇల్లు

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నేను డిజైన్ చేసిన ప్రతి క్యాబిన్‌లోనూ, అది మా షెడ్డు దాటి వెళ్ళేముందు, అందరూ భోజనానికి వెళ్ళిన సమయం చూసుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంటాను. బ్యాగులోంచి పుస్తకం తీసి కొన్ని పేజీలు చదువుతాను. కాగితం మీద వెలుతురు చక్కగా పడి, వీపు ఆనించుకునే చోటు దొరికితే ఆ గది బాగా వచ్చినట్టు. డ్రాయింగులో దొరకని లోపాలు నాకు అలా చదువుతున్నప్పుడే తెలుస్తాయి. ఎవరైనా చూస్తే పని ఎగ్గొడుతున్నానని అనుకుంటారని ఇన్నాళ్ళూ చెప్పలేదు.

2023 వర్షాకాలం. గ్రేటర్ నోయిడాలో మా ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ అంటే పెద్ద రేకుల షెడ్డు, పక్కన రెండు గదుల ఆఫీసు. క్యాంపర్ వ్యాన్లు, అంటే మంచం, వంటగట్టు ఉండే బళ్ళు తయారుచేస్తాం. విప్పి మళ్ళీ బిగించుకునే సైట్ ఆఫీసులు కూడా చేస్తాం. బయటి గోడలు, చట్రం ఇంజనీర్లవి. లోపలి సంగతంతా నాది. కస్టమర్లతో మాట్లాడే పని మాత్రం మా యజమాని గులాటీ గారిది. నేను మూల కుర్చీలో కూర్చుని వాళ్ళ మాటలు విని గీస్తాను. నాకు అదే హాయి.

ఆ రోజు తడిసిన గొడుగుతో ఢిల్లీలోని ద్వారక నుంచి ఒకావిడ వచ్చారు. పేరు సునంద. ప్రభుత్వ పరిశోధన సంస్థలో చేపల శాస్త్రవేత్త. గడ్డకట్టిన సరస్సు మీద పెట్టి, అందులో రాత్రిళ్ళు ఉండటానికి ఒక గది కావాలని గులాటీ గారికి హిందీలో చెప్పారు. నేలలో రెండు కన్నాలుండాలన్నారు. నేల కారకూడదని అడిగేవాళ్ళే తప్ప కన్నాలు పెట్టమన్న కస్టమరు ఇంతవరకు రాలేదని గులాటీ గారు నవ్వారు. ఆవిడ ఆయన్ని వదిలేసి, నా గీతల పక్కన తెలుగులో రాసుకున్న కొలతలు చూశారు.

"తెలుగు పిల్లవా? ఏ ఊరు మీది?"

"కాకినాడండి."

"అయితె చేపల గురించి నీకు చెప్పే పనే లేదు."

"తినడం వరకేనండి."

ఆవిడ పెద్దగా నవ్వారు. వరంగల్ వదిలి ఢిల్లీకి వచ్చి ఎన్నో ఏళ్ళయినా ఆవిడ మాట మారలేదు. ఆ మాటలోనే నాకు అంతా వివరించారు. చలి దేశాల్లో గడ్డకట్టిన సరస్సుల మీదికి చిన్న చిన్న ఇళ్ళు లాక్కెళ్తారట. నేలలోంచి మంచుకు కన్నం పొడిచి గాలం వేసి, పొయ్యి, పక్కలతో సహా రాత్రంతా అక్కడే ఉంటారట. వాళ్ళకది సరదా, ఈవిడకు పని. లద్దాఖ్‌లో ఒక సరస్సులో వేలెడంత చేపలున్నాయి. చలికాలమంతా నీళ్ళకు మంచు కప్పు పడిపోతే అవి కింద ఎలా బతుకుతాయన్నది ఆవిడ ప్రశ్న. మూడు చలికాలాలు గుడారం వేసుకుని కూర్చున్నారు. వేళ్ళు తిమ్మిరెక్కేలోగా వెనక్కి పరుగెత్తాల్సి వచ్చేది. వలలో వచ్చిన చేప గాలి తగలగానే పుల్లలా బిగుసుకుపోయేది. కెమెరా దించితే దాని దీపానికి అవి పారిపోయేవి, గడ్డ మీద మంచుపొడి పేరుకుని ఉండటంతో దీపం ఆర్పితే అంతా నలుపే.

"మూడేండ్ల నుంచి చచ్చినయే కొలుస్తున్న బిడ్డా. మంచు కింద బతికున్నదాన్ని ఒక్కసారన్న నా కండ్లతోని చూడాలె. మార్చిల రిటైర్ అయిత. మళ్ళ నన్ను ఎవరు తోలుతరు అక్కడికి?"

ఆవిడ పనిచేసే సంస్థ ఒక షరతు పెట్టింది. గదిలో మొదటి రాత్రి క్షేమంగా గడిస్తేనే మిగతా రోజులు ఉండనిస్తారు. ఏదైనా తేడా వస్తే సరిచేయడానికి, గది చేసినవాళ్ళలో ఒకరు ఆ రాత్రి ఆవిడతో ఉండాలి. ఆవిడకు తోడు కాబట్టి ఆ ఒకరు ఆడమనిషి కావాలి. మా షెడ్డులో ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. గులాటీ గారు నావైపు చూశారు. వెళ్ళనని చెప్పాలంటే ఏవో నాలుగు మాటలు మాట్లాడాలి. తలూపడం సులువనిపించింది.

ఈ గదికి గోడలు పఫ్ ప్యానెళ్ళతో చేశాం. రెండు రేకుల మధ్య నురగ పోసి గట్టిపరిచిన పలకలవి. అసలు కష్టం లోపల. ప్రతి వస్తువూ ఒకటికి రెండు పనులు చేయాలి. పైనొకటి కిందొకటి బంక్‌లు, అంటే గోడకు మడిచే పడకలు. బల్ల మూత తీస్తే పొయ్యి. కన్నాలకు అడుగు తగిలినా జారని మూతలు. నేల కన్నానికీ మంచు కన్నానికీ మధ్య చలిగాలి దూరకుండా నల్లటి రబ్బరు గొట్టం. దాన్ని స్లీవ్ అంటాం. సునంద గారికి మోకాళ్ళ నొప్పి, నేల మీద కూర్చోలేరు. అందుకని కింది బంక్ తలవైపు సరిగ్గా ఒక కన్నం వచ్చేలా పెట్టాను. బోర్లా పడుకునే గాలం వేయవచ్చు. చెయ్యి ఎంత దూరం అందుతుందో కొలవాలన్నాను. ఆవిడ చెప్పులు విడిచి, పనివాళ్ళందరి ముందూ ప్లైవుడ్ పలక మీద బోర్లా పడుకుని చెయ్యి కిందికి వేలాడేశారు. "కొలువు, సిగ్గేంది" అన్నారు. సిగ్గు నాకే.

మా ఫిట్టర్ భయ్యా ఒక పని చేశాడు. హీటరున్న గదికి కిందొకటి పైనొకటి వెంట్‌లు, అంటే గాలి తిరిగే కంతలు తప్పనిసరి. అవి లేకపోతే మంట గదిలోని గాలినే తినేసి విషవాయువు వదులుతుంది. అతను ఆ రెండింటినీ సిలికాన్‌తో నీటుగా మూసేసి, "ఇప్పుడు ధూళి కూడా దూరదు దీదీ" అని గర్వంగా చూపించాడు. నవంబరు వస్తే పొగకు భయపడి కిటికీ సందులన్నీ టేపుతో మూసుకునే ఊరు మాది. అతన్ని ఏమనగలను? ఇద్దరం కూర్చుని చాకుతో గీకి తీశాం.

నా వంతుగా నేను ఈ చుట్టుపక్కల అందరూ అడిగేవే పెట్టాను. ఢిల్లీలోని సాకేత్ నుంచి వచ్చే కస్టమరైనా, సైట్ ఆఫీసు కాంట్రాక్టరైనా మొదట అడిగేది రోషనీ, అంటే వెలుతురు. కాబట్టి తెల్లటి లామినేట్ గోడలు, కప్పు అంచున సన్నటి ఎల్ఈడీ దీపాలు, ఒకవైపు రెండు పొరల అద్దంతో పెద్ద కిటికీ. కింది బంక్ మీద దిండుకి ఆనుకుంటే పుస్తకం మీద నేరుగా పగటి వెలుగు పడుతుంది. చదివి చూశాను. అంతవరకు నేను చేసిన గదులన్నిటిలోకీ అదే మేలైనదనిపించింది.

పరీక్షించడానికి మాకు లద్దాఖ్ చలి కావాలి. గులాటీ గారి స్నేహితుడికి ఐస్‌క్రీం గోదాము ఉంది. డబ్బాల వరసల మధ్య గది బిగించి, సునంద గారూ నేనూ లోపల కూర్చున్నాం. కాసేపటికి గోడల మీద ప్రతి స్క్రూ తల మీదా తెల్లటి నూగు పేరింది. ఇనుప స్క్రూ గోడను దాటి వస్తే దాని వెంట చలి కూడా నడిచొస్తుంది. మా భాషలో దాన్ని థర్మల్ బ్రిడ్జ్ అంటారు. స్క్రూలన్నీ విప్పించి, లోపల చెక్కపట్టీలు వేసి బిగించాం. మంచుకు కొండదారుల కనుమలు మూసుకోకముందే పలకలు లారీలో వెళ్ళిపోయాయి. ఫిబ్రవరిలో మేం విమానంలో వెళ్ళాం.

సరస్సును చూసిన క్షణం గురించి నా డైరీలో ఒకే వాక్యం ఉంది: "నిలబడ్డాను." ఇప్పటికీ అంతకంటే రాయలేను. గాలి మంచుపొడిని ఊడ్చేయడంతో గడ్డ అద్దంలా ఉంది. చుట్టూ కొండలు. కాళ్ళ కింద ఎక్కడో లోతున ఎవరో పెద్ద డోలు మీద ఒక్క దెబ్బ కొట్టి ఆపినట్టు చప్పుడు. నేను జీపు తలుపు పట్టుకుని వదల్లేదు. జీపు నడిపే స్తాంజిన్, అక్కడి ఊరివాడే, నన్ను చూసి నవ్వాడు. "నా గాడీ ఈఎంఐ ఇంకా తీరలేదు దీదీ. పగిలేచోట నిలబెడతానా?" అన్నాడు.

గది బిగించాం. స్తాంజిన్ మంచుకు కన్నాలు పొడిచాడు. పట్టిన చేపను మళ్ళీ అదే కన్నంలో వదలాలని, ఇక్కడ చేపను చంపితే ఊళ్ళో బాధపడతారని అతను ముందే అడిగాడు. సునంద గారు గాలం కొన చూపించారు. చేపకు దిగబడిపోకుండా ముల్లు అరగదీసి ఉంది. మొదటి రాత్రి క్షేమంగా గడిచింది. విషవాయువు పసిగట్టే అలారం ఒక్కసారి కూడా మోగలేదు. స్క్రూలు పొడిగా ఉన్నాయి. ఫోన్ సిగ్నల్ ఉన్న చోటికి స్తాంజిన్ వెళ్ళి ఢిల్లీకి చెప్పి వచ్చాడు. ఉండవచ్చన్నారు. ఆవిడకు మరో తోడు దొరికేదాకా నేనూ ఉండిపోయాను.

కానీ చేప కనబడలేదు. గాలానికి గుచ్చిన ఎర తగ్గుతోంది, అంటే కింద ఏదో ఉంది. కన్నంలోకి చూస్తే నల్లటి నీళ్ళు, వాటి మీద తెల్లగా నా కిటికీ నీడ, దీపాల గీత. ఎంతసేపు వంగి చూసినా మాకు కనబడేది మా గదే. మర్నాడూ అంతే. సునంద గారు మొదటిరోజు చేపలను ప్రేమగా తిట్టారు. రెండోరోజు మాట్లాడటం తగ్గించారు. నా ముఖం చూసి కాబోలు, "పోనీ బిడ్డా. ఇల్లు మంచిగ గట్టినవ్" అన్నారు. ఆ మెచ్చుకోలు నాకు మింగుడుపడలేదు.

ఆ మరుసటి మధ్యాహ్నం, మా ఊపిరి ఆవిరికి తడిసిన దుప్పట్లు ఎండకు ఆరతాయని కిటికీ నిండా కట్టాను. బ్యాటరీ మిగులుతుందని దీపాలు ఆర్పాను. గదంతా చీకటైపోయింది. వెంట్‌ల మీద గాలి మాత్రమే దూరేలా వాలుగా బిగించిన రేకులు ఉండటంతో అక్కడినుంచి కూడా వెలుగు రావడం లేదు. సునంద గారు కింది బంక్ మీద బోర్లా పడుకుని ఉన్నారు. నిద్రపోయారనుకున్నాను. చాలాసేపటికి, "ఇటు రా" అన్నారు. గుసగుసగా.

నేను రెండో కన్నం దగ్గర నేల మీద పడుకుని చూశాను.

వెలుగు కిందినుంచి వస్తోంది. బయట చుట్టూ సరస్సంతా పరుచుకున్న ఎండ మంచులోంచి నీళ్ళలోకి దిగి, ఆ చిన్న కన్నంలోంచి మా గదిలోకి పైకి వస్తోంది. ఆకుపచ్చా కాదు, నీలమూ కాదు. ఆ రంగు సునంద గారి చెంపల మీద, కప్పు మీద కదులుతోంది. మంచు గోడలో గాలిబుడగలు ముత్యాల్లా వరసగా నిలిచిపోయి ఉన్నాయి. వాటి కింద ఎంతో లోతున, ప్రతి గులకరాయీ తన నీడతో సహా కనబడుతోంది. ఒక రాయి కదిలింది. అది రాయి కాదు. దాని పక్కది కూడా కాదు. గోధుమరంగు మచ్చల చేపలు, వేలెడంతవి, సరిగ్గా మా ఇంటి కింద నీడలో చేరి ఉన్నాయి. అన్నీ ఒకేవైపు తిరిగి, రెక్కలు ముడుచుకుని, ఊరికే ఉన్నాయి. మేం దీపాలు పెట్టుకుని వాటికోసం బెంగపడ్డ రోజులన్నీ అవి అక్కడే ఉన్నాయన్నమాట.

ఒకటి మెల్లగా పైకి లేచి కన్నం అంచుదాకా వచ్చింది. దాని మొప్ప ఒకసారి తెరుచుకుని మూసుకుంది. మళ్ళీ తెరుచుకోవడానికి ఎంత సమయం పట్టిందంటే, నేను నా ఊపిరి ఆపుకుని ఎదురుచూశాను. సునంద గారి చెయ్యి చీకట్లో వెతుక్కుని నా భుజాన్ని పట్టుకుంది.

"బతికున్నయ్" అన్నారు. కన్నానికి ఇంకా దగ్గరగా వంగి, "ఎంత నిమ్మళంగ ఊపిరి దీస్తున్నయో సూడు" అన్నారు.

గాలం సంగతి ఇద్దరికీ గుర్తులేదు. టీ ఫ్లాస్కుతో వచ్చిన స్తాంజిన్‌ను పిలిచి చూపించాం. అతను టోపీ తీసి, మోకాళ్ళ మీద వంగి చూశాడు. తన భాషలో ఏదో అన్నాడు. ఏమన్నావని అడిగాం. చిన్నప్పటినుంచి ఈ మంచు మీదే నడుస్తున్నానని మాత్రం చెప్పాడు.

మర్నాడంతా నేను చేసిన గదిని నేనే మార్చాను. పడుకునే సంచుల నల్లటి కవర్లు కోసి తెల్ల గోడలకు కట్టాను. మూత పలక ఒకటి తీసి కిటికీకి తలుపు చేశాను. ఇక ఆ గదిలో ఎవరూ పుస్తకం చదవలేరు. నాకు అదేమీ లోటనిపించలేదు. అంతకుముందు గది అంటే అందులో ఉండే మనిషిని బాగా చూసుకోవాలనుకునేదాన్ని. ఆ మనిషి దేన్ని చూడటానికి వచ్చిందో, అది కనబడాలంటే గది ఎంతవరకు తప్పుకోవాలో ఆలోచించడం అక్కడ నేర్చుకున్నాను. ఇప్పుడు కస్టమరు రోషనీ అనగానే గీయడం ఆపి, ఇక్కడ కూర్చుని ఏం చూస్తారని అడుగుతున్నాను. అడగడం నాకు ఇంకా కష్టమే.

ఆవిడ అక్కడే మరికొన్నాళ్ళు ఉండాలి, నేను వెనక్కి రావాలి. నా స్థానంలో తోడుండటానికి స్తాంజిన్ చెల్లెలు వచ్చింది. తర్వాత సునంద గారు చేపల ఫోటోలు చాలా పంపారు గానీ మేం మళ్ళీ కలుసుకోలేదు, మాట్లాడుకోలేదు. బయలుదేరే ఉదయం, బ్యాగు భుజానికి వేసుకుని వెళ్ళొస్తానన్నాను. ఆవిడ బోర్లా పడుకుని ఉన్నారు. ముఖం నిండా కిందినుంచి వెలుగు. కళ్ళు పైకెత్తకుండానే చెయ్యి వెనక్కి చాచి నా వేళ్ళు ఒకసారి నొక్కి వదిలేశారు.

"తలుపు మెల్లగ వెయ్యి బిడ్డా, వాటికి వినవడ్తది."