వీడ్కోలు వీడియో

న్యూజెర్సీలో ఒక మహిళల ఫుట్‌బాల్ క్లబ్‌లో నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేసేదాన్ని. పోర్చుగల్ నుంచి వచ్చిన డిఫెండర్ ఒకామె మోకాలి ఆపరేషన్ తర్వాత రోజూ నా దగ్గరికి వచ్చేది. అవతలి జట్టును గోల్ దాకా రానివ్వకపోవడమే ఆమె పని. ఏళ్ల తరబడి ఆ పని చేసే మోకాలు పోగొట్టుకుంది.

పళ్లబిగువున నొప్పి ఓర్చుకుని, చివరికి మళ్లీ పరుగెత్తింది. ఆ వారమే మేనేజర్ పిలిచి, కాంట్రాక్ట్ రెన్యూ చేయడం లేదన్నాడు. కాంట్రాక్ట్ పోతే వీసా కూడా పోతుంది. నేనూ వీసా మీద బతుకుతున్నదాన్నే కనుక ఆమె నాకేమీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

ఆఖరి మ్యాచ్ రోజు స్టేడియంలో పెద్ద తెర మీద ఆమె వీడియో వేశారు. ఎప్పుడో కొట్టిన ఒకే ఒక్క గోల్‌ని తిప్పి తిప్పి చూపించారు. జనం చప్పట్లు కొట్టారు.

"వీడియో బాగా చేశారు కదా," అన్నాను.

"నేను ఆపిన గోల్ ఒక్కటీ లేదు అందులో," అంది.

ఆమె తన దేశం వెళ్లిపోయింది. మళ్లీ ఆడలేదని తర్వాత తెలిసింది. ఆమె స్థానంలోకి వచ్చిన అమ్మాయిని మేనేజరే నా దగ్గరికి తీసుకొచ్చాడు.

"మోకాళ్లు ఒకసారి చెక్ చేయండి. ఎన్ని సీజన్లు వస్తాయంటారు?" అని ఆ పిల్ల ముందే అడిగాడు.