కొత్త ఇంజను, తేలిక బరువు

కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో ఉద్యోగంలో కుదురుకున్నాక మావారికి వ్యవసాయం మీద మనసు పోయింది. పటాన్‌చెరు అవతల కాస్త పొలం కొని, ఒక పాత ట్రాక్టరు తెచ్చారు. తెచ్చీ తేగానే అది మూలపడింది. నాంపల్లి మెకానిక్కు ఒకతను ఇంజను మొత్తం విప్పి, కొత్త పిస్టన్లు వేసి మళ్ళీ కట్టాడు.

ఆదివారం పొద్దున నేనూ, ఆయనా, అత్తగారూ అతని షెడ్డుకు వెళ్ళాం.

“జర ఇనుండ్రి సార్,” అన్నాడు మెకానిక్కు. “ఇంజన్ ఇంక బిగుతుగుంది. పొలంల దించే ముందు జర రోడ్ల మీద తిప్పుండ్రి. ఊకె నిలవెట్టొద్దు, జోరుగ కొట్టొద్దు. ట్రాలీల బరువుండాలె, గని తేలికగుండాలె.”

తేలిక బరువనగానే ఆయన నా వంక చూశారు. నేను ట్రాలీ ఎక్కాను. నా వెనకే అత్తగారు జంతికల డబ్బాతో ఎక్కబోతుంటే, ఆయన ఇబ్బందిగా మెకానిక్కును చూశారు.

అతను అత్తగారిని ఎగాదిగా చూసి, “అమ్మ గూడ నడుస్తది,” అన్నాడు పరవాలేదన్నట్టు.

చాప పరుచుకుని బయల్దేరాం. నాంపల్లి నుంచి ఆబిడ్స్, ఆబిడ్స్ నుంచి నాంపల్లి, మళ్ళీ ఆబిడ్స్. చివరికి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు.

“పొద్దుగాల్నుంచి చూస్తున్న. యాడికి పోతున్రు?”

“ఎక్కడికీ కాదండీ!” అన్నారు మావారు.

“ఆపు!”

“ఆపితే మళ్ళీ స్టార్టవదండీ. మీరే ఎక్కండి!”

పాపం, కానిస్టేబులు లాఠీ చంకలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చి ట్రాలీ పట్టుకున్నాడు. అత్తగారు చెయ్యందించి పైకి లాగి, చాప మీద చోటిచ్చారు.

అతను గొంతు సవరించుకునేలోపే మావారు వెనక్కి తిరిగి, “ఏవండీ, మీ బరువెంత?” అని అరిచారు.

“గదెందుకు?”

“ఇంజను కొత్తదండీ!”

కానిస్టేబులు కంగారుపడ్డాడు. “పొద్దుగాల నాస్తా గూడ చెయ్యలే సార్!”

“అయ్యో నాయనా!” అంటూ అత్తగారు డబ్బా మూత తీశారు.

“అమ్మా, పెట్టకు! బరువెక్కుతాడు!”

అత్తగారు వినలేదు. కానిస్టేబులు జంతికలు నములుతూ, విచారణ సంగతే మరిచిపోయి నాంపల్లి దాకా వచ్చాడు. స్టేషను దగ్గర దిగుతూ టోపీ సర్దుకుని, “ఇంగ ఆబిడ్స్ దిక్కు రావొద్దు,” అన్నాడు గంభీరంగా. అతని మీసాల నిండా జంతికల పొడి.

సాయంత్రం మెకానిక్కు ఇంజను చప్పుడు విని, “ఇంగ ఫికర్ లేదు, పొలానికి తీస్కపోండ్రి,” అన్నాడు. మావారి మొహం వెలిగిపోయింది.

అత్తగారికి మాత్రం తృప్తి కలగలేదు. “ఇంకా బిగుతుగానే ఉందేమోరా! రేపు బేగం బజార్ వైపు కూడా ఓసారి తిప్పి చూద్దాం.”