కాఫీ కళ్ళంలో అల్పపీడనం

మా మావయ్య సైన్యంలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. శిక్షణలో తప్ప తుపాకీ పేల్చలేదు. ఆయన వంటవాడు. ఊరికి తిరిగొచ్చిన కొత్తలో "ఎంతమందిని సంపేవు మావా?" అని కుర్రాళ్ళు అడిగితే, "నా కూర తిన్నోళ్ళందర్నీ లెక్కెట్టుకోండి" అనేవాడు. ఆ జోకు మానేసిన రోజున మేం గమనించి ఉండాల్సింది. మాకు అప్పటికే అది పాతబడిపోయింది కాబట్టి, మానేసినందుకు కొంత సంతోషించాం కూడా.

ముంచింగిపుట్టులో జీపు దిగి గంట నడిస్తే మా ఊరు. నేను పార్వతీపురంలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. వాళ్ళు వింటారన్న ఆరోపణ ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు. కిందటేడు ఊరికి వెళ్ళేసరికి మావయ్య సగమైపోయి ఉన్నాడు. అత్త పోయి చాలా ఏళ్ళయింది, ఒక్కడే ఉంటాడు. అయినా పదిమందికి సరిపడా వండుతున్నాడు. ఇరుగుపొరుగుకి పంచేసి, తాను తినకుండా గిన్నె కడిగి బోర్లిస్తున్నాడు. మిరియాల పాదులు ఎండిపోతుంటే వాటి ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు.

విశాఖలో మాజీ సైనికులను చూసే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు డిప్రెషన్ అన్నాడు. మాత్రలతో పాటు మాట్లాడే వైద్యం కూడా కావాలన్నాడు: వారానికొకసారి, ఆరు వారాలు. రానూ పోనూ రెండు రోజుల దారి గనక ఫోనులోనే. ఫారంలో "యుద్ధంలో పాల్గొన్నారా?" అని ఒక గడి ఉంది. మావయ్య "నేదు" అని రాయించి, "అయితే నాకివ్వరేమోరా" అన్నాడు. దిగులుకి కూడా అర్హత ఉండాలని ఆయన నమ్మకం.

మా ఊళ్ళో ఫోను పలికేది ఒక్కచోటే, కాఫీ పళ్ళు ఆరబోసే కళ్ళంలో. అవి కోతల రోజులు. ఎండ ఉన్నంతసేపూ ఆడవాళ్ళంతా అక్కడే ఉంటారు. మొదటి గురువారం నాలుగింటికి ఫోను మోగింది. ఇరవై రెండేళ్ళు పెద్ద స్టవ్వుల హోరులో నలిగిన చెవులు కాబట్టి స్పీకరు పెట్టక తప్పలేదు. అవతల ఒక అమ్మాయి, ఎంతో మర్యాదగా, "ఈ రోజు డిప్రెషన్ గురించి కొంచెం మాట్లాడుకుందామండీ" అంది.

మా వైపు ఆ మాటకు ఒకటే అర్థం. టీవీలో అది వినపడిందంటే బంగాళాఖాతంలో అల్పపీడనం, మర్నాటికి వాన, తడిసిన కాఫీకి బూజు.

"ఓలమ్మో, డిప్రెసనంట! బేగి కప్పండే!"

అయిదు నిమిషాల్లో కళ్ళం మొత్తం టార్పాలిన్ల కిందికి పోయింది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఆ ఎండలో మావయ్య కాళ్ళు దగ్గరగా పెట్టి, నిటారుగా నిలబడి, "సబ్ ఠీక్ హై, మేడమ్" అన్నాడు.

అది సముద్రానికి వచ్చేది కాదని, మనిషికి వచ్చేదని నేను ఆడవాళ్ళకు వివరించాను. ఎమ్మే చదివినందుకు ఊరికి నేను చేసిన ఉపకారం ఆ ఒక్క వాక్యం. మావయ్యకి పిన్ని వరసయ్యే ముసలామె టార్పాలిన్ అంచు మీద రాయి పెడుతూ అడిగింది.

"మనిషికొత్తే మరేటి కప్పుతారు?"

నేను ఆమెకు ఇంకో రాయి అందించాను.

తర్వాతి వారం నుంచి గురువారం నాలుగయ్యేసరికి ఆడవాళ్ళు, ఎవరూ చెప్పకుండానే, లేచి వెళ్ళిపోయేవారు. కోళ్ళు కాఫీని కెలక్కుండా తోలడానికి ముసలామె ఒక్కతే మిగిలేది, మావయ్య వైపు వీపు పెట్టి. తనకు చెవుడని ఊరంతా చాటింది. అంతకుముందు వారం దాకా పక్కూళ్ళో పనసపండు రాలినా ఆమెకు వినపడేది. నేను పార్వతీపురం నుంచి ఫోను చేసి, మావయ్య ఏమైనా మాట్లాడుతున్నాడా అని అడిగితే, "నాకేటి తెలుస్తాదిరా, సెవిటిదాన్ని" అనేది. ఆగి, "మూడోసారి కూడా టీకే అన్నాడు" అనేది.

అయిదు వారాలూ అదే జవాబు. ఆరో వారం సెలవు పెట్టి వెళ్ళాను. కోళ్ళు తోలే ఉద్యోగంలో ముసలామె తన పక్కన నన్నూ చేర్చుకుంది.

"ఇది మన ఆఖరి కాల్ అండీ" అంది అవతలి అమ్మాయి.

మావయ్య వంగి, చెదిరిన కాఫీ పళ్ళను ఒక్కొక్కటే ఏరి కుప్పలో వేశాడు. ఆమె తొందరపెట్టలేదు. ఆ ఓపికకు ఆమెకు దండం పెట్టాలి.

"ఒకనాడు నలభై మందికి రొట్టెలు సేసినాను మేడమ్" అన్నాడు, హిందీ వదిలేసి. "మంచుకొండ మీదకి ఎల్లినోళ్ళు సాయంత్రానికి దిగాల. ముప్పై ముగ్గురే దిగినారు. మిగతావోళ్ళవి సల్లారిపోకుండా గుడ్డలో సుట్టి పొయ్యి పక్కన ఎట్టినాను. తెల్లారీదాకా ఎట్టినాను. ఆటిని ఏటి సెయ్యాలో నాకెవులూ సెప్పనేదు."

"మీరేం చేశారండీ?"

"నానే తినీసినాను. పారెయ్యడానికి సెయ్యి రానేదు. ఏడుగురివీ తినీసినాను. ఇప్పుడు ముద్ద నోట్లో ఎడితే ఎవులిదో తింతన్నట్టుంటాది మేడమ్."

మన పని ఇప్పుడే మొదలైందండీ, ఇంకో ఆరు వారాలు కావాలని పైకి రాస్తాను, మంజూరు కావాలి, అంది అవతలి అమ్మాయి. మావయ్య "జీ మేడమ్" అన్నాడు. నోరు తెరవడానికి ఆయనకు ఆరు వారాలు పట్టింది. ఇచ్చినవీ ఆరే. ముసలామె కర్ర ఊపుతూ కోళ్ళను తోలుతూనే ఉంది. కళ్ళంలో కోళ్ళు లేవు.

మా వంతు దరఖాస్తు నేను నింపాను. ఆ పాత యుద్ధం గడి దగ్గర చాలాసేపు ఆగాను. "రొట్టెలు చేశారు" అని రాశాను. జవాబు ఇంకా రాలేదు.

మరుసటి గురువారం మావయ్య ఉతికిన చొక్కా వేసుకుని నాలుగింటికి కళ్ళానికి వెళ్ళాడు. ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఫోను మోగదని ఆయనకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. ఎండ కొండవారకి జారేదాకా అలాగే కూర్చున్నాడు.

ముసలామె ఇటు తిరక్కుండానే అంది.

"నాకెలాగూ సెవుడే కదరా. సెప్పు."

మావయ్య ఫోను జేబులో పెట్టుకుని లేచి, కాఫీ మీదకు టార్పాలిన్ లాగడం మొదలుపెట్టాడు.

"ఇంకా ఎండుందిరా. వాన నేదు కదా" అంది ఆమె.

"ఉంది పిన్నీ" అన్నాడు.

ఆమె కర్ర పక్కన పెట్టి, లేచి, రెండో అంచు పట్టుకుంది.