బ్రేకుల్లేని సైకిల్‌తో హైదరాబాద్‌కు

పొద్దున ఐదున్నరకు మా ఊరి నుంచి ఆటోలో బయలుదేరాం. నేను, మా బాపు, నా సైకిల్. హైదరాబాద్ వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పందేల ట్రాక్‌లో, రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ. ఆరేళ్లుగా స్ప్రింట్ తొక్కుతున్నాను, జట్టులోకి మాత్రం రాలేదు. ఈసారీ రాకపోతే సైకిల్ అమ్మేసి షాద్‌నగర్‌లో కంపెనీ పనికి పోవాలని బాపుతో ఒప్పందం. మగ్గం వదిలి ఆయన నా పోటీ చూడటానికి రావడం ఇదే మొదలు.

ఆరుంపావుకు నార్కట్‌పల్లిలో దిగాం. హైదరాబాద్ బస్సుకు ఇంకా ముప్పావు గంట. "నువ్వు పోయి తిను బిడ్డా, సైకిల్ నేను చూస్త" అన్నాడు బాపు. ఆ ప్రేమకు మురిసిపోయి రెండు ప్లేట్ల ఇడ్లీ లాగించాను. పోటీకి ముందు అంత తినకూడదు గానీ, అక్కడి పల్లీ చట్నీ అలాంటిది. మీరు ఆ దారిన వెళ్తే వదలకండి. నేను తిరిగొచ్చేసరికి బస్సు వచ్చి ఉంది. బాపు సైకిల్‌ను పాత దుప్పట్లో చుట్టి, తాళ్లతో బిగించి, డిక్కీలో పడుకోబెట్టేశాడు.

కండక్టర్ నాకు ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్, బాపుకు మామూలు టికెట్, సైకిల్‌కు లగేజీ టికెట్ కొట్టాడు.

"దాని మీద కూసొని పోతే టికెట్టే లేకపోవు గదా" అంది పక్క సీటు పెద్దమ్మ.

"దానికి బ్రేకులుండవు పెద్దమ్మా. ట్రాక్ సైకిల్‌కు ఉండొద్దని రూలు."

ఆమె బాపు వైపు తిరిగింది. "కన్నబిడ్డను గట్లెట్ల తోల్తున్నవయ్యా?"

బాపు కిటికీలోంచి చూస్తూ ఎందుకో నవ్వుకున్నాడు.

ఎనిమిదిన్నరకు ఎల్బీనగర్‌లో దిగి, ట్రాలీ ఆటో మాట్లాడుకుని తొమ్మిదిన్నరకు వెలోడ్రోమ్ చేరాం. సైకిళ్లు తనిఖీ చేసే ఆఫీసర్ ముందు దుప్పటి విప్పాను. ముందు చక్రానికి బ్రేకు! హ్యాండిల్‌కు గంట!

"అమ్మా, రేసుకొచ్చినవా, పాలు పొయ్యనీకొచ్చినవా?" అన్నాడాయన.

బాపు ఏమాత్రం తగ్గలేదు. "నార్కట్‌పల్లిల నేనే పెట్టిపిచ్చిన సారూ. గంట సైకిల్ షాపాయన ఊకెనే ఇచ్చిండు."

నాకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. పానాతో రెండూ పీకేసేసరికి చేతులు నల్లబడ్డాయి, అంతలోనే నా పేరు పిలిచారు.

ఎదురుగా ఒక్కతే అమ్మాయి. మా ఇద్దరిలో గెలిచినవాళ్లకే జట్టులో చోటు. స్ప్రింట్‌లో ముందున్నవాళ్లు గాలిని చీల్చాలి, వెనకున్నవాళ్లకు సుఖం. అందుకే ట్రాక్ మీద రెండో చుట్టులో ఇద్దరం కాలు కింద పెట్టకుండా సైకిళ్లను ఉన్నచోటే నిలబెట్టాం, ఎవరు ముందు కదులుతారా అని. అంతా నిశ్శబ్దం. అప్పుడు లేచింది బాపు గొంతు.

"ఆగినవేంది బిడ్డా! బ్రేకు తీసేసినం గదా!"

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ అరక్షణంలో ఆ అమ్మాయి దూసుకుపోయింది. ప్రాణం పెట్టి తొక్కినా అరచక్రం తేడాతో ఓడిపోయాను.

రెండున్నరకు తిరుగు బస్సు. చౌటుప్పల్ దాకా షాద్‌నగర్ కంపెనీ షిఫ్టులే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. బాపు గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే ఏడాది నేను రానే."

"ఏమైంది బాపూ?"

"నేనొస్తె నువ్వు నవ్వుతవ్. ఒక్కదానివే పోయి గెలువు."

సైకిల్ అమ్మే మాటే ఎత్తలేదు బాపు. ఆ దారిన ఎన్నిసార్లు తిరిగానో! చౌటుప్పల్ నుంచి నార్కట్‌పల్లి అంత దగ్గరని ఆ రోజే తెలిసింది.